థర్మిస్టరా, వేరిస్టరా: ఏ చోట ఏది పెట్టాలి?

పాత పవర్ సప్లై బోర్డు ఒకటి చేతిలోకి తీసుకుని, కరెంటు లోపలికి వచ్చే మూల చూడండి. ఫ్యూజ్ పక్కన చొక్కా గుండీ అంత బిళ్లలు రెండు కనిపిస్తాయి. ఒకటి నలుపో ముదురు ఆకుపచ్చో ఉంటుంది, ఇంకోటి చాలాసార్లు నీలం. రెండింటికీ రెండేసి కాళ్లే, సైజు కూడా ఇంచుమించు ఒకటే. మొదటిది వేడిని బట్టి రెసిస్టెన్స్ మార్చుకునే థర్మిస్టర్. రెండోది వోల్టేజీని బట్టి మార్చుకునే వేరిస్టర్, పనివాళ్లు ఎంఓవీ అని పిలిచేది.

పని నేర్చుకునే రోజుల్లో నేను ఈ రెండింటినీ ఒకసారి తారుమారు చేశాను. రిపేరుకు వచ్చిన సప్లైలో ఒక బిళ్ల పగిలి, మసి పట్టి, దాని మీది అచ్చు చెరిగిపోయి ఉంది. థర్మిస్టర్ అయి ఉంటుందనుకుని 10 ఓమ్‌ల ఎన్‌టీసీ (వేడెక్కితే రెసిస్టెన్స్ తగ్గే రకం థర్మిస్టర్) ఒకటి అతికించి ప్లగ్ పెట్టాను. టప్పుమని ఫ్యూజ్ పోయింది. అది ఎంఓవీ ఉండాల్సిన చోటు, అంటే ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య. అక్కడ 10 ఓమ్‌లు పెడితే 230 వోల్టుల మీద 23 ఆంపియర్లు లాగుతుంది. దీనికి రివర్స్‌లో ఎన్‌టీసీ చోట ఎంఓవీ పెట్టి ఉంటే ఏ శబ్దమూ వచ్చేది కాదు, సప్లై మాత్రం లేచేది కాదు. మామూలు వోల్టేజీ దగ్గర ఎంఓవీ దాదాపు తెగిన తీగలాంటిదే కదా.

అప్పటి నుంచి బిళ్ల ఎంచుకునే ముందు రెండు ప్రశ్నలు వేసుకుంటాను. కరెంటు వెళ్లే దారిలో సిరీస్‌గా కూర్చునేదా, దారికి అడ్డంగా పారలల్‌గా నిలబడేదా? ఇది అందరూ అడిగేదే. రెండోది తక్కువమంది అడుగుతారు: తన పని ఒకసారి చేశాక ఆ బిళ్ల ఏ స్థితిలో మిగులుతుంది? ఎన్‌టీసీ వేడిగా మిగిలిపోతుంది. వేడెక్కితే రెసిస్టెన్స్ పెరిగే రకం థర్మిస్టర్ పీటీసీ, కరెంటుకు దారి మూసేసి అలాగే ఉంటుంది. లైను మీద క్షణకాలం వచ్చిపడే అధిక వోల్టేజీ దెబ్బను, అంటే సర్జ్‌ను, అడ్డుకునే ఎంఓవీ దెబ్బదెబ్బకూ కొంచెం అరిగిపోతుంది. నా అనుభవంలో తప్పు ఎంపికలు ఎక్కువగా ఈ రెండో ప్రశ్న అడగకపోవడం వల్లే జరిగాయి.

వేడిని కొలవాలంటే

వెండి సల్ఫైడ్ వేడెక్కే కొద్దీ విద్యుత్తును ఇంకా బాగా పోనిస్తుందని మైకేల్ ఫారడే 1833లోనే రాశాడు. లోహాలకు ఇది తలకిందుల గుణం. లోహంలో ఎలక్ట్రాన్లు ఎప్పుడూ స్వేచ్ఛగానే తిరుగుతాయి, వేడెక్కితే అణువుల వణుకు పెరిగి వాటికి అడ్డు తగులుతుంది. నేటి ఎన్‌టీసీలు మాంగనీస్, నికెల్, కోబాల్ట్ వంటి లోహాల ఆక్సైడ్లను పొడి చేసి, అదిమి, కాల్చి తయారుచేసినవి. వాటిలో ఎలక్ట్రాన్లు చల్లగా ఉన్నప్పుడు తమ చోటు వదలవు. వేడి తగిలే కొద్దీ ఒక అయాన్ నుంచి పక్క అయాన్‌కు గెంతడం సులువవుతుంది. అందుకే వేడి పెరిగితే రెసిస్టెన్స్ పడిపోతుంది.

ఎంతలా పడిపోతుందో అంకెల్లో చూస్తేనే అర్థమవుతుంది. 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓమ్‌లు, బీటా (వేడికి రెసిస్టెన్స్ ఎంత వేగంగా మారుతుందో చెప్పే అంకె) 3950 ఉన్న ఎన్‌టీసీ తీసుకుందాం. అది 0 డిగ్రీల దగ్గర సుమారు 33.6 కిలో ఓమ్‌లు చూపిస్తుంది. 50 దగ్గర 3.6 కిలో ఓమ్‌లు. 100 దగ్గర 700 ఓమ్‌లకు కాస్త తక్కువ. గది వేడి దగ్గర ఒక్క డిగ్రీ మారితే 440 ఓమ్‌ల తేడా వస్తుందన్నమాట. అదే ప్లాటినం సెన్సర్ పీటీ100లో డిగ్రీకి 0.385 ఓమ్‌లే. సెన్సర్ తీగల్లో అర ఓమ్ కలిసిందనుకోండి, రెండు తీగల పీటీ100 కొలత 1.3 డిగ్రీలు తప్పుతుంది. ఎన్‌టీసీకి ఆ అర ఓమ్ తెలియను కూడా తెలియదు.

కాబట్టి ఎంపిక ఇలా తేలుతుంది. మైనస్ 50 నుంచి 150 డిగ్రీల లోపు, ఒక చిన్న చోట, త్వరగా పసిగట్టాలంటే ఎన్‌టీసీని మించింది లేదు. జ్వరం చూసే డిజిటల్ థర్మామీటర్లోనూ, బ్యాటరీ ప్యాక్ మూడో తీగ చివరా ఉండేది అదే. ఏళ్లు గడిచినా కొలత పక్కకు జరగకూడదు, ఒక సెన్సర్ తీసి ఇంకోటి పెట్టినా అంకె మారకూడదు అనుకుంటే పీటీ100 తీసుకోండి, కాకపోతే మూడు లేదా నాలుగు తీగలతో. కొలిమి వేడి కొలవాలంటే రెండూ పక్కన పెట్టి థర్మోకపుల్ వైపు వెళ్లాల్సిందే.

ఎన్‌టీసీ మార్చేటప్పుడు చాలామంది ఓమ్‌లు చూసి బీటా వదిలేస్తారు. 10 కిలో ఓమ్‌ల ఎన్‌టీసీలు బీటా 3435తోనూ దొరుకుతాయి, 3950తోనూ దొరుకుతాయి. 25 డిగ్రీల దగ్గర రెండూ ఒకటే చూపిస్తాయి కాబట్టి బల్ల మీద టెస్ట్ చేస్తే అంతా బాగానే ఉందనిపిస్తుంది. కంట్రోలర్ 3435 అనుకుని లెక్కవేస్తూ, లోపల 3950 ఉందనుకోండి. అసలు వేడి 100 డిగ్రీలున్నప్పుడు తెర మీద 114 దాటి కనిపిస్తుంది. హీటర్ ముందే ఆగిపోతుంది, పని పచ్చిగా మిగులుతుంది. అదే తారుమారైతే ఇంకా ప్రమాదం: తెర తక్కువ చూపిస్తుంటే వేడి నిజంగా పైకి పోతూ ఉంటుంది. ఒక డిగ్రీలో చిన్న భాగం వరకూ ఖచ్చితంగా కావాలంటే బీటా సూత్రం కూడా చాలదు. 1968లో స్టైన్‌హార్ట్, హార్ట్ ఇచ్చిన మూడు గుణకాల సమీకరణం వాడాలి.

ఎన్‌టీసీతో సిరీస్‌గా జత కట్టే మామూలు రెసిస్టర్‌ను కూడా ఆలోచించి పెట్టండి. మీకు ముఖ్యమైన వేడి దగ్గర ఎన్‌టీసీ ఎన్ని ఓమ్‌లు చూపిస్తుందో, జత రెసిస్టర్ దానికి దగ్గరగా ఉంటే కొలత అక్కడ బాగా సూటిగా వస్తుంది. 200 డిగ్రీల చుట్టూ పనిచేసే చోట గది వేడికి 100 కిలో ఓమ్‌లుండే గాజు పూస ఎన్‌టీసీలు వాడటానికి ఒక కారణం ఇదే. 10 కిలో ఓమ్‌లది అక్కడికి వెళ్లేసరికి మరీ సన్నబడిపోతుంది. ఇంకో చిన్న సంగతి: కొలిచే కరెంటే ఎన్‌టీసీని వేడి చేస్తుంది. 10 కిలో ఓమ్‌ల జతకు 5 వోల్టులు ఇస్తే ఎన్‌టీసీలో 0.625 మిల్లీవాట్లు ఖర్చవుతాయి. డిగ్రీకి 2 మిల్లీవాట్లు వదిలే చిన్న పూస అయితే కదలని గాలిలో 0.3 డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది. నీళ్లలో ఉంటే ఈ బెంగ అక్కర్లేదు.

ఇక్కడే నేను ముందు చెప్పిన రెండో ప్రశ్నకు ఇంకో రూపం ఉంది: సెన్సర్ తీగ తెగిపోతే కంట్రోలర్ ఏమనుకుంటుంది? ఎన్‌టీసీ తీగ తెగితే రెసిస్టెన్స్ అనంతం. కంట్రోలర్ దృష్టిలో అది గడ్డకట్టే చలి. చలిగా ఉందని హీటర్‌ను ఆపకుండా నడిపిస్తూనే ఉంటుంది. హీటర్ ఉన్న ఏ పరికరంలోనైనా, నమ్మలేనంత చలి కనిపిస్తే హీటర్ ఆపేసే ఏర్పాటు ప్రోగ్రాంలో ఉందో లేదో చూడండి. దానితోపాటు విడిగా ఒక థర్మల్ ఫ్యూజ్ కూడా పెట్టండి. ఈ విషయంలో ఖర్చు చూసుకోవద్దని గట్టిగా చెబుతాను.

స్విచ్ వేసిన మొదటి క్షణం కోసం

ఎన్‌టీసీకి ఇంకో ఉద్యోగం ఉంది, దానికి బీటాతో పనిలేదు. స్విచ్ వేసే ముందు సప్లైలోని పెద్ద కెపాసిటర్ ఖాళీగా ఉంటుంది. 230 వోల్టుల లైను శిఖరం 325 వోల్టులు. సరిగ్గా ఆ క్షణంలో స్విచ్ పడితే ఖాళీ కెపాసిటర్ దాదాపు షార్ట్‌లాగే కనిపిస్తుంది, బ్రిడ్జి డయోడ్ల మీదా స్విచ్ కొనల మీదా దెబ్బ పడుతుంది. దారిలో చల్లని 5 ఓమ్‌ల ఎన్‌టీసీ ఉంటే ఆ దెబ్బ 65 ఆంపియర్లకు మించదు, 10 ఓమ్‌లదైతే 32.5కి మించదు. తర్వాత నడిచే కరెంటుకు అది వేడెక్కి ఒక ఓమ్ కంటే కిందికి జారుతుంది, ఇక పెద్దగా అడ్డు తగలదు.

అచ్చు చదవడం తేలికే. 5డీ-9 అంటే చల్లగా 5 ఓమ్‌లు, బిళ్ల వెడల్పు 9 మిల్లీమీటర్లు. కానీ ఓమ్‌లూ ఆంపియర్లూ సరిపోయాయని ఆగకండి. కెపాసిటర్‌లో నిండే శక్తి ఎంతో, నింపే క్షణంలో ఇంచుమించు అంతే శక్తి ఎన్‌టీసీ ఒంట్లో వేడిగా మారుతుంది. 220 మైక్రోఫారడ్‌లు 325 వోల్టులకు నిండితే అది 11.6 జౌళ్లు. కెపాసిటర్‌ను 470కి పెంచి ఎన్‌టీసీని పాతదే ఉంచితే, కొన్నాళ్లకు బిళ్ల నెర్రె ఇచ్చి రెండు ముక్కలవుతుంది. డేటాషీట్‌లో ఎంత కెపాసిటర్ వరకూ తట్టుకుంటుందో రాసి ఉంటుంది, ఆ గీత దాటొద్దు.

నడుస్తున్నప్పుడు ఈ బిళ్ల 150 డిగ్రీలు దాటి, ఒక్కోసారి 200 దగ్గర కాగుతూ ఉంటుంది. కాళ్లు కొంచెం పొడుగ్గా ఉంచి బోర్డుకు ఎత్తుగా పెట్టండి. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్‌ను ఆనించకండి. వాడిన బోర్డులో దాని కింద ఫైబర్ గోధుమరంగుకు తిరిగి ఉందంటే భయపడనక్కర్లేదు, కానీ కాళ్ల సోల్డర్ మాత్రం భూతద్దంతో చూడండి. కాగి చల్లారి, కాగి చల్లారి అక్కడ ఉంగరంలా పగులు వస్తుంది.

వేడిగా మిగలడమే దీని అసలు లోపం. కరెంటు రెండు సెకన్లు పోయి వచ్చిందనుకోండి. ఆ లోపు కెపాసిటర్ ఖాళీ అయిపోయి ఉండొచ్చు, ఎన్‌టీసీ మాత్రం ఇంకా కాగుతూనే ఉంటుంది. అది చల్లారి మళ్లీ అడ్డుకునే స్థితికి రావాలంటే ఒక నిమిషం, పెద్ద బిళ్లయితే ఇంకా ఎక్కువ కావాలి. మాటిమాటికీ ఆన్, ఆఫ్ అయ్యే పరికరానికి ఒంటరి ఎన్‌టీసీ సరిపడదు. అలాంటి చోట, పెద్ద సప్లైల్లోనూ, కెపాసిటర్ నిండగానే ఎన్‌టీసీని పక్కకు తప్పించే రిలే పెడతారు. బిళ్ల చల్లగా ఉంటుంది, కరెంటు వృథా తగ్గుతుంది, తర్వాతి దెబ్బకు సిద్ధంగా ఉంటుంది.

రిలే ఎలాగూ పెడుతున్నాం కదా, ఎన్‌టీసీకి బదులు మామూలు వైర్‌వౌండ్ రెసిస్టర్ చాలదా అని అడుగుతారు. రిలే పనిచేసినంత కాలం చాలు. రిలే మొరాయించిన రోజున మొత్తం లోడ్ కరెంటు ఆ రెసిస్టర్ గుండా పోయి అది నిప్పు కణికలా ఎర్రబడుతుంది. ఇక్కడ నేను సిరామిక్ పీటీసీకి ఓటేస్తాను. రిలే పడకపోయినా, కెపాసిటర్ షార్ట్ అయినా అది వేడెక్కి తనను తానే మూసుకుంటుంది.

పీటీసీ: తనంతట తాను మూసుకునేది

పీటీసీ పేరుతో రెండు వేర్వేరు వస్తువులున్నాయి, వాటిని కలిపేయొద్దు. మొదటిది బేరియం టైటనేట్ సిరామిక్. 120 డిగ్రీల చుట్టుపక్కల వరకూ అది బుద్ధిగా తక్కువ రెసిస్టెన్స్‌తో ఉంటుంది. ఆ గీత దాటగానే రేణువుల సరిహద్దుల్లో గోడలు లేచినట్టు అయి, కొన్ని పదుల డిగ్రీల్లోనే రెసిస్టెన్స్ వెయ్యి రెట్లు, ఇంకా పైకి కూడా ఎగబాకుతుంది. బేరియం బదులు కొంత సీసం కలిపితే ఆ గీత పైకి జరుగుతుంది, స్ట్రాన్షియం కలిపితే కిందికి. రెండోది ప్లాస్టిక్ పీటీసీ, రీసెటబుల్ ఫ్యూజ్ అని అమ్మేది. పాలిథీన్‌లో కర్బన రేణువులు ఒకదాన్ని ఒకటి తాకుతూ గొలుసులా ఉంటాయి. ఎక్కువ కరెంటుతో వేడెక్కి ప్లాస్టిక్ ఉబ్బగానే ఆ గొలుసు తెగుతుంది.

ఫ్యూజా, ప్లాస్టిక్ పీటీసీయా అన్న ప్రశ్నకు నా జవాబు తప్పు ఎవరిది అన్నదాన్ని బట్టి మారుతుంది. వాడేవాళ్లు బయటి సాకెట్‌లో తప్పు కేబుల్ పెడితే వచ్చే షార్ట్ అయితే పీటీసీ. కేబుల్ పీకి, పవర్ తీసి మళ్లీ ఇస్తే అంతా మామూలే. కానీ లోపల ట్రాన్సిస్టర్ కాలి వచ్చిన షార్ట్‌కు మళ్లీ మళ్లీ అవకాశం ఇవ్వకూడదు. అక్కడ కరిగే ఫ్యూజే ఉండాలి. పైగా పీటీసీ మూసుకున్నాక కూడా కొద్దిపాటి కరెంటు పోతూనే ఉంటుంది, ఆ కరెంటే దాన్ని వేడిగా, మూసి ఉంచుతుంది. అది పూర్తిగా తెగిన తీగ కాదు. మనిషి చెయ్యి తగిలే చోట రక్షణకు దాన్ని నమ్ముకోకండి.

దీనికి రెండు ఆంపియర్ల అంకెలుంటాయి. హోల్డ్ అంకె వరకూ మూసుకోనని హామీ ఇస్తుంది, ట్రిప్ అంకె దాటితే మూసుకుంటానని హామీ ఇస్తుంది. రెండోది మొదటిదానికి సుమారు రెట్టింపు. ఈ రెంటి మధ్య ఏ హామీ లేదు. ఇంకా, ఈ అంకెలు గది వేడివి. పెట్టె లోపల 60 డిగ్రీలుంటే అర ఆంపియర్ పీటీసీ మూడింట రెండు వంతుల దగ్గరే అలసిపోతుంది. బల్ల మీద రోజంతా బాగా నడిచి, పెట్టెలో బిగించాక మధ్యాహ్నానికి ఆగిపోయే పరికరాల్లో చాలావాటికి కారణం ఇదే. ఒకసారి ట్రిప్ అయ్యాక దాని రెసిస్టెన్స్ మునుపటి కంటే కాస్త ఎక్కువగానే నిలుస్తుంది. కాబట్టి తక్కువ వోల్టేజీ సర్క్యూట్లలో డేటాషీట్ ఇచ్చే ట్రిప్ తర్వాతి అంకెతో లెక్క వేయండి. గరిష్ఠ వోల్టేజీ తప్పక చూడాలి. 16 వోల్టులదో 30 వోల్టులదో తీసుకెళ్లి మెయిన్స్ లైనులో పెడితే అది రక్షణ కాదు, నిప్పుకు తావు.

మోటారు వైండింగ్‌లో దాచే పీటీసీ నాకు బాగా ఇష్టమైన వాడకం. మూడు ఫేజుల వైండింగ్‌లలో ఒక్కోటి చొప్పున మూడు చిన్న పూసలు పెట్టి, సిరీస్‌గా కలిపి, రెండు తీగలు బయటికి తెస్తారు. జర్మన్ ప్రమాణం డీఐఎన్ 44081 ప్రకారం నిర్ణీత వేడికి 5 డిగ్రీల ముందు ఒక్కో పూస 550 ఓమ్‌లు దాటకూడదు, 5 డిగ్రీల తర్వాత 1,330కి తగ్గకూడదు, 15 డిగ్రీల తర్వాత కనీసం 4,000 ఉండాలి. మూడింటిలో ఏ ఒక్కటి కాగినా మొత్తం పైకి లేస్తుంది, రిలే మోటారును ఆపుతుంది. తీగ తెగినా రిలేకు అది వేడిలాగే కనిపించి మోటారు ఆగుతుంది. ఎన్‌టీసీ విషయంలో చూసిన ప్రమాదం ఇక్కడ తలకిందులై మనవైపు నిలబడింది. ఎంత వేడి ఉందో అంకె కావాలంటే పీటీ100 పెట్టుకోండి, మోటారు కాలకుండా ఉంటే చాలంటే పీటీసీయే మేలు. ఈ రెండు తీగల మధ్య మాత్రం మెగ్గర్ (ఇన్సులేషన్ పరీక్షకు వందల వోల్టులు ఇచ్చే మీటర్) పెట్టొద్దు. 2.5 వోల్టులకు మించి ఇవ్వకుండా కొలవాలి.

ఎంఓవీ: లైను మీద కాపలా

జింక్ ఆక్సైడ్ రేణువులను బిస్మత్ ఆక్సైడ్ వంటివాటితో కలిపి కాలిస్తే ప్రతి రేణువు సరిహద్దులోనూ ఒక చిన్న అడ్డుగోడ తయారవుతుంది. ఒక్కో గోడ సుమారు 3 వోల్టుల దాకా ఆపుతుంది. బిళ్ల మందం ఎంతో అన్ని గోడలు వరుసగా ఉంటాయి. అందుకే మందం వోల్టేజీని, వెడల్పు కరెంటును, మొత్తం ఘనపరిమాణం తట్టుకునే శక్తిని నిర్ణయిస్తాయి. మత్సుషితా సంస్థలో మిచియో మత్సువోకా చేసిన పని నుంచి ఇది వచ్చింది, ఆయన పత్రం 1971లో అచ్చయింది. అంతకు ముందు సిలికాన్ కార్బైడ్ బిళ్లలు వాడేవారు. తేడా ఎంతో చూడండి: వోల్టేజీ 10 శాతం పెరిగితే మామూలు రెసిస్టర్‌లో కరెంటు 1.1 రెట్లవుతుంది. కరెంటు వోల్టేజీ 5వ ఘాతంతో పెరిగే సిలికాన్ కార్బైడ్‌లో 1.6 రెట్లు. ఘాతం 30 ఉన్న జింక్ ఆక్సైడ్‌లో 17 రెట్లు.

అచ్చు చదువుదాం: 14డీ471కే. వెడల్పు 14 మిల్లీమీటర్లు. 471 అంటే 47 పక్కన ఒక సున్నా, 470 వోల్టులు. చివరి కే అంటే 10 శాతం అటూ ఇటూ. ఈ 470 అన్నది బిళ్ల గుండా ఒక మిల్లీఆంపియర్ డీసీ పోయేటప్పటి వోల్టేజీ మాత్రమే. నిరంతరం లైను మీద ఉంచగలిగింది 300 వోల్టుల ఏసీ. నిజమైన సర్జ్ వచ్చి 50 ఆంపియర్లు పోతుంటే దాని కొనల మధ్య 775 వోల్టుల దాకా ఉంటుంది. 470 దగ్గర కోసేస్తుందని అనుకుని వెనక 500 వోల్టుల భాగాలు పెట్టినవాళ్లను చూశాను. మీ పరికరం తట్టుకోవాల్సింది 775 అంకెను.

ఎంచుకునే వరుస ఇది: ముందు లైను ఎంత పైకి వెళ్తుందో చూసి నిరంతర ఏసీ అంకె ఖాయం చేయండి. 230 వోల్టుల లైనుకు 275 లేదా 300 వోల్టులది మామూలుగా సరిపోతుంది. గట్టిగా కాపాడాలన్న ఆత్రంతో 250 వోల్టులది పెడితే, వోల్టేజీ ఎక్కువయ్యే రాత్రుళ్లలో అది రోజూ కొంచెం కాగి త్వరగా ముసలిదవుతుంది. వోల్టేజీ తేలాక వెడల్పు. చిన్న పరికరం లోపల 10 లేదా 14 మిల్లీమీటర్లు, వైరింగ్ మొదట్లో ఉండే పెట్టెకు 20 లేదా అంతకంటే పెద్దది. 7, 14, 20 మిల్లీమీటర్ల 471లు మూడూ 775 వోల్టులనే చెబుతాయి, కానీ వరుసగా 10, 50, 100 ఆంపియర్ల దగ్గర. అంటే ఒకే దెబ్బకు పెద్ద బిళ్ల వోల్టేజీని ఇంకా కింద పట్టుకుంటుంది, తక్కువ అరుగుతుంది. చోటుంటే ఒక సైజు పెద్దదే తీసుకోండి.

కాళ్ల పొడవు సంగతి చాలామంది పట్టించుకోరు. తీగలో మిల్లీమీటరుకు ఇంచుమించు ఒక నానోహెన్రీ ఇండక్టెన్స్ ఉంటుంది. 8 మైక్రోసెకన్లలో 3,000 ఆంపియర్లకు లేచే సర్జ్‌లో 10 సెంటీమీటర్ల తీగ మీదే 37 వోల్టులు పుడతాయి. అర మీటరు తీగ చుట్టి తెచ్చి ఎంఓవీ కలిపితే దాదాపు 190 వోల్టులు అదనం. ఎంత మంచి బిళ్ల కొన్నా తీగలోనే దాని పనితనం పోతుంది.

ఎంఓవీ సర్జ్‌ల కోసం, అంటే మైక్రోసెకన్ల దెబ్బల కోసం. స్టెబిలైజర్ పని దానికి అప్పగించొద్దు. మూడు ఫేజుల లైనులో న్యూట్రల్ తెగిందంటే తక్కువ లోడున్న ఫేజ్ మీద 400 వోల్టులకు దగ్గరగా రావచ్చు, శిఖరం 565 వోల్టులు. 471 బిళ్ల ప్రతి అర సైకిల్లోనూ తెరుచుకుని కొన్ని సెకన్లలో మండిపోతుంది. అందుకే ఎంఓవీకి ముందు ఫ్యూజ్ లేకుండా ఎప్పుడూ పెట్టకండి. లోపలే థర్మల్ కటాఫ్ ఉన్న రకం దొరికితే ఇంకా మంచిది. న్యూట్రల్ నమ్మకం లేని చోట 420 వోల్టుల ఏసీ తట్టుకునే 681 బిళ్ల, దానితో ఓవర్‌వోల్టేజీకి కోసేసే రిలే కలిపి పెట్టడం నా అలవాటు. 681 బిళ్ల 1,120 వోల్టుల దాకా వదిలేస్తుంది, నిజమే. దాని వెనక పరికరంలో ఉన్న ఎంఓవీ మిగతాది చూసుకుంటుంది.

డేటా లైన్లకు ఎంఓవీ పనికిరాదు, దాని కెపాసిటెన్స్ వందల పికోఫారడ్‌లు ఉంటుంది, సిగ్నల్ మొద్దుబారుతుంది. అక్కడ తక్కువ కెపాసిటెన్స్ టీవీఎస్ డయోడ్లు వాడాలి. అవి బిగువుగా, వేగంగా పట్టుకుంటాయి, కాకపోతే పెద్ద శక్తి మింగలేవు. గ్యాస్ ట్యూబు, అంటే ఎక్కువ వోల్టేజీకి లోపలి వాయువు వెలిగి కరెంటును పోనిచ్చే గొట్టం, పిడుగు స్థాయి కరెంటును మోయగలదు, కెపాసిటెన్స్ ఒకటి రెండు పికోఫారడ్‌లే. కానీ ఒకసారి వెలిగాక మెయిన్స్ కరెంటే దాన్ని వెలుగుతూ ఉంచేస్తుంది. అందుకని మెయిన్స్‌లో దానికి ఎంఓవీని సిరీస్‌గా తోడిస్తారు: సర్జ్ పోగానే ఎంఓవీ మూసుకుని ట్యూబును ఆర్పేస్తుంది. మామూలు రోజుల్లో ట్యూబు కరెంటును పోనివ్వకపోవడం వల్ల ఎంఓవీలో లీకేజీ కూడా ఉండదు, అది అరిగిపోవడం తగ్గుతుంది.

అచ్చు చెరిగిన బిళ్ల చేతికొస్తే

రంగును నమ్మకండి. ముందు బోర్డు మీద ట్రాక్ చూడండి, సిరీస్‌గా ఉందా, అడ్డంగా ఉందా అని. తర్వాత విప్పి మల్టీమీటర్ పెట్టండి. కొన్ని ఓమ్‌లు చూపించి, సోల్డరింగ్ ఐరన్ దగ్గరికి తేగానే తగ్గితే ఎన్‌టీసీ. కొంతసేపు కదలక, బాగా కాగాక ఒక్కసారిగా పైకి లేస్తే పీటీసీ. ఏమీ చూపించకపోతే ఎంఓవీ అయి ఉండొచ్చు, సిరామిక్ కెపాసిటర్ కూడా అయి ఉండొచ్చు. నీలం బిళ్ల కెపాసిటర్లు సప్లై బోర్డుల్లో మామూలే.

ఎంఓవీ బాగుందో లేదో మల్టీమీటర్ చెప్పలేదు, పూర్తిగా షార్ట్ అయితే తప్ప. అరిగిన ఎంఓవీ కూడా మీటర్ బ్యాటరీ వోల్టేజీకి తెగిన తీగలాగే కనిపిస్తుంది. ఒక ప్యానెల్ ఇన్సులేషన్ పరీక్షలో నాకు రీడింగ్ మరీ తక్కువ వచ్చింది. కేబుల్ పాడైందని టెన్షన్ పడి జాయింట్లు రెండు విప్పించాక, ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య ఎంఓవీలు ఉన్నాయని గమనించాను. 500 వోల్టులు ఇవ్వగానే అవి తెరుచుకుంటున్నాయి. వాటిని తప్పించి కొలిస్తే కేబుల్ శుభ్రంగా ఉంది.

అదే మెగ్గర్ ఎంఓవీని పరీక్షించడానికి పనికొస్తుంది. కరెంటును ఒక మిల్లీఆంపియర్ దగ్గర ఆపే మీటర్ అయి, కొనల మధ్య నిలిచిన వోల్టేజీని చూపించేదైతే, బోర్డు నుంచి విప్పిన బిళ్లకు 1,000 వోల్టుల రేంజ్ కొద్ది క్షణాలు ఇవ్వండి. 471 బిళ్ల 423, 517 వోల్టుల మధ్య నిలవాలి. కొత్తప్పటి అంకె రాసి పెట్టుకుని ఉంటే ఇంకా బాగు, దాని నుంచి 10 శాతం పక్కకు జరిగిందంటే ఆ బిళ్ల మార్చే సమయం వచ్చినట్టే. నేను ఇప్పుడు ప్యానెల్‌లో ఎంఓవీ పెట్టిన ప్రతిసారీ, కొలిచిన వోల్టేజీనీ తేదీనీ మూత లోపలివైపు మార్కర్‌తో రాస్తున్నాను.